రక్తపోటు – చీనా వైద్యం: తెలుసుకోవలసిన కొన్ని సంగతులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను, హకీమునూ కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకునే మాస్టరును. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ మధ్య మన బస్తీలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. "మాస్టారూ, బి.పి.కి చీనావాళ్ళ దగ్గర మందు ఉందట కదా! సూదులు గుచ్చితే జన్మలో మళ్ళీ మాత్ర వేసుకోనక్కర లేదట కదా!" అని అడుగుతున్నారు. సెల్‌ఫోనుల్లో కూడా ఇవే సందేశాలు తిరుగుతున్నాయి. అడిగినవాళ్ళకు తెలిసీ తెలియని జవాబు చెప్పడం మాస్టరుకు తగదు గనుక కొంత చదివాను. చదివినదాంట్లో నమ్మదగినదని తోచినంత వరకే ఇక్కడ మనవి చేస్తాను.

మొట్టమొదట ఒక సంగతి గమనించాలి. చీనావారి వైద్యం రెండు వేల సంవత్సరాలకు పైబడినది. 'హువాంగ్ తీ నెయ్ చింగ్' అనే గ్రంథం వారికి మూలగ్రంథం. అందులో ఎంత వెతికినా "రక్తపోటు" అనే జబ్బు పేరు మాత్రం కనపడదు. ఇందులో వారి లోపం ఏమీ లేదు. రక్తపోటును కొలిచే పట్టీ పరికరాన్ని ఇటలీ డాక్టరు రివా-రోచి 1896లో తయారుచేశాడు. స్టెతస్కోపు పెట్టి పై అంకె, కింది అంకె వినే పద్ధతిని రష్యా డాక్టరు కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. అంతకు ముందు ఈ పద్ధతిలో పోటును కొలవడం ఎవరికీ తెలియదు. ఇప్పుడు చీనావారు వాడే 'కావ్ శుయె యా' అన్న మాట కూడా "ఎత్తు రక్తపోటు" అన్న ఆధునిక పేరుకు అనువాదమే.

మరి పాత చీనా వైద్యులు దేనికి మందిచ్చారు? తల తిరుగుడుకు ఇచ్చారు. తలనొప్పికి ఇచ్చారు. చెవుల్లో హోరుకు, కాళ్ళూ చేతులూ తిమ్మిరికి, పక్షవాతానికి ఇచ్చారు. నేటి చీనా వైద్యులు రక్తపోటు రోగిని చూసేటప్పుడు ఆ పాత అధ్యాయాలనే తిరగేసి, వాటిలోని చికిత్సలనే దీనికి అన్వయించుకుంటున్నారు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే తక్కినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఇక వారు రోగిని పరీక్షించే తీరు చూద్దాం. నాలుక చూస్తారు, ముఖం రంగు చూస్తారు, నిద్ర ఎలా ఉంది, కోపం ఎలా ఉంది, విరేచనం ఎలా ఉంది అని అడుగుతారు. చివరకు నాడి పట్టుకుంటారు. మణికట్టు మీద మూడు వేళ్ళు మూడు చోట్ల ఆనించి, తేలికగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూస్తారు. మన హకీం సాహెబులు నబ్జ్ చూడటం మీలో చాలామందికి తెలిసిందే కదండీ. ఈ రెండు నాడీశాస్త్రాలకు చరిత్రలో ఒక చోట పరిచయం కూడా జరిగింది. ఇరాన్‌లో మంగోల్ సుల్తానుల కొలువులో రషీదుద్దీన్ అనే మంత్రి ఉండేవాడు. ఆయన స్వయంగా హకీము. చీనా వైద్యగ్రంథాలను ఫార్సీలోకి తర్జుమా చేయించి 'తన్సూఖ్‌నామా' అనే పుస్తకం తయారు చేయించాడు. అది 1313 నాటి మాట. చీనావారి నాడీ పాఠం అందులో ఉంది. అటునుంచి ఇటు కూడా రాకపోకలు సాగాయి. అరబ్బు, ఇరాన్ వైద్యాన్ని చీనా లిపిలో రాసిన 'హుయ్ హుయ్ యావ్ ఫాంగ్' అనే గ్రంథంలో ముప్పై ఆరు భాగాలకు నాలుగు మిగిలాయి. అవి ఇప్పుడు బీజింగ్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మంచి విద్య ఎక్కడున్నా తెచ్చుకోవాలన్న తపన ఆనాటివారికి ఉండేది.

చీనా సిద్ధాంతం టూకీగా ఇది. శరీరంలో యిన్ అని, యాంగ్ అని రెండు గుణాలున్నాయి. యిన్ చల్లనిది, తడి గలది, కిందికి దిగేది. యాంగ్ వేడిది, చురుకైనది, పైకి లేచేది. కాలేయం కట్టె వంటిది, మూత్రపిండాలు నీటి వంటివి. నీరు కట్టెను తడిపి ఉంచాలి. వయసు మీరి, చాకిరీ ఎక్కువై, నిద్ర తక్కువై ఆ నీరు ఇంకిపోతే కట్టె ఎండిపోయి వేడి పైకి ఎగదన్నుతుంది. దీన్నే "కాలేయపు యాంగ్ పైకెక్కడం" అంటారు. ముఖం ఎర్రబడటం, తల పగిలిపోతున్నట్టుండటం, చిన్నమాటకే కోపం రావడం, నోరు చేదు, నాలుక ఎరుపు దీని గుర్తులు. నాడి బిగించిన వింటినారి లాగా ఉంటుందని చెప్తారు. ఆగ్రహం కాలేయాన్ని పాడు చేస్తుందని కూడా వారి మాట.

అందరికీ ఇదే కారణం కాదు. లావుపాటి మనిషి, తిండి ఎక్కువ, తల బరువుగా దిమ్ముగా ఉంటుంది, వికారం, నాలుక మీద తెల్లటి జిగురు పూత. ఇటువంటి వారికి కఫం అడ్డుపడిందంటారు. వృద్ధులకు నడుము, మోకాళ్ళ నొప్పులు, చెవిలో హోరు, కళ్ళు పొడిబారడం ఉంటే మూత్రపిండాల బలహీనత అంటారు. ఈ విషయంలో వారిలో వారికే వాదాలున్నాయి. పద్నాలుగో శతాబ్దంలో చూ తాన్‌శీ అనే మహావైద్యుడు తల తిరుగుడుకు కఫమే మూలమన్నాడు. ఆయన తరువాత దాదాపు మూడు వందల సంవత్సరాలకు వచ్చిన చాంగ్ చింగ్‌యువె, కాదు, బలహీనతే మూలమన్నాడు. అందుచేత ఒకే బి.పి. అంకె ఉన్న ముగ్గురు మనుషులు చీనా వైద్యుని దగ్గరకు వెళితే మూడు వేరు వేరు కషాయాలతో బయటికి రావచ్చు. మన యూనానీలో మిజాజ్ చూసి దవా ఇచ్చినట్టే ననుకోండి.

కషాయాలలో బాగా పేరు పొందినది 'థియెన్‌మా కౌథెంగ్ యిన్'. పేరు వినగానే ఇది వేల సంవత్సరాల నాటిదని చాలామంది అనుకుంటారు. కాదు. హూ క్వాంగ్‌త్సి అనే వైద్యుడు 1958లో ప్రచురించిన పుస్తకంలోనిది. పదకొండు సరుకులు పడతాయి. థియెన్‌మా ఒక నేలదుంప. కౌథెంగ్ కొక్కేల్లాంటి ముళ్ళున్న తీగ. తూచుంగ్ ఒక చెట్టు బెరడు. న్యూశీ అనేది మన ఉత్తరేణికి దగ్గరి చుట్టమైన మొక్క వేరు, ఇది రక్తాన్ని కిందికి దించుతుందని వారి నమ్మకం. సముద్రపు గుల్ల ఒకటి కూడా వేస్తారు. కాచడంలో వరస ఉంది. గుల్ల గట్టిది గనుక ముందుగా వేసి చాలాసేపు మరిగిస్తారు. కౌథెంగ్ మాత్రం దించబోయే ముందు వేస్తారు. ఎక్కువ మరిగితే దాని గుణం చెడిపోతుందని వారు ఏనాడో కనిపెట్టారు. ఇవి కాక చేమంతి పూల టీ, చ్యూమింగ్ గింజల టీ ఇళ్ళల్లో తాగుతారు. ఆ గింజలు మరేమో కాదు, మన చేల గట్ల మీద వానాకాలంలో మొలిచే తగిరిస జాతి గింజలే.

మరి వీటితో బి.పి. తగ్గుతుందా? న్యాయంగా మాట్లాడుకుందాం. తూచుంగ్ బెరడులో పోటును తగ్గించే పదార్థం ఒకటున్నట్టు అమెరికా విస్కాన్సిన్‌లోని శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించారు. కౌథెంగ్‌లోని పదార్థాలు కూడా జంతువులలో రక్తనాళాలను వదులు చేస్తాయి. కాబట్టి ఇవన్నీ ఉత్త గడ్డి అని కొట్టిపారేయటానికి వీల్లేదు. అయితే జంతువులో పనిచేయడం వేరు, ఏళ్ళ తరబడి మనిషిని పక్షవాతం నుంచి కాపాడటం వేరు. థియెన్‌మా కషాయం మీద జరిగిన పరీక్షలన్నింటినీ వెతికి కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థవారు 2012లో ఒక సమీక్ష వేశారు. వారి నియమాలకు నిలబడే పరీక్ష ఒక్కటీ దొరకలేదు. పనిచేయదని రుజువైందని దీని అర్థం కాదు. పనిచేస్తుందని రుజువు కాలేదని అర్థం. ఈ రెంటికీ తేడా ఉంది.

ఇక సూదుల వైద్యం. దీనినే ఆక్యుపంక్చర్ అంటారు. మన దేశానికి దీన్ని తెచ్చినవారిలో ముఖ్యులు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. డాక్టర్ కోట్నిస్‌తో కలిసి 1938లో చీనాకు వెళ్ళిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో ఆయన ఒకరు. రక్తపోటుకు కాలి బొటనవేలికి, రెండో వేలికి మధ్య కొంచెం పైన, మోచేతి మడత చివర, మోకాలి కింద, ఇలా కొన్ని నిర్ణీత స్థానాలలో సన్నని సూదులు గుచ్చుతారు.

దీని మీద రెండు మంచి పరీక్షలున్నాయి. ఒకటి అమెరికాలో జరిగింది, 2006లో ఫలితం వచ్చింది. మొత్తం 192 మంది. కొందరికి అసలు స్థానాల్లో, కొందరికి స్థానం కాని చోట ఉత్తుత్తిగా గుచ్చారు. ఎవరికి ఏది గుచ్చారో రోగికి తెలియనివ్వలేదు. చివరకు చూస్తే రెండు జట్లకూ బి.పి. కొద్దిగా, ఒకే తీరుగా తగ్గింది. రెండోది జర్మనీలో జరిగింది, 2007లో వెలువడింది. 160 మంది. ఆరు వారాల్లో ఇరవై రెండు సార్లు గుచ్చారు. ఇక్కడ అసలు సూదుల జట్టుకు పై అంకె సుమారు 5, కింది అంకె సుమారు 3 తగ్గింది. సంతోషమే. కానీ సూదులు ఆపిన మూడు నెలలకు చూస్తే మళ్ళీ పాత అంకెలే! ఆ తరువాత 2018లో అన్ని పరీక్షలనూ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా బి.పి. నిలకడగా తగ్గుతుందనటానికి ఆధారం లేదనే తేల్చింది. మరి "పది సూదులతో జన్మలో బి.పి. రాదు" అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పినవారే చెప్పాలి.

అసలు చిక్కు ఎక్కడుందో ఇప్పుడు చెప్తాను, దయచేసి శ్రద్ధగా వినండి. పాత చీనా వైద్యం బాధను బట్టి నడుస్తుంది. తల తిరుగుతోందా, ముఖం ఎర్రబడిందా అని చూస్తుంది. రక్తపోటు అనేది చాలామందిలో ఏ బాధా పెట్టదు. అంకె 180 ఉన్నా మనిషి హాయిగా సైకిలు తొక్కుకుంటూ తిరుగుతుంటాడు. లోపల గుండె, మెదడు, మూత్రపిండాలు, కంటి నరాలు మాత్రం దెబ్బ తింటూనే ఉంటాయి. కషాయంతో తల తిరుగుడు తగ్గిపోతే మనిషి జబ్బు తగ్గిందనుకుంటాడు. పోటు మాత్రం పట్టీ కట్టి చూస్తే గాని తెలియదు.

మా వీధిలో ఒక పెన్షనర్ పెద్దాయన ఉన్నారు. ఆరేళ్ళుగా బి.పి. మాత్ర వేసుకునేవారు. ఎవరో చెప్తే సూదుల వైద్యానికి వెళ్ళారు. మంచి నిద్ర పట్టింది, తలనొప్పి పోయింది. ఆ సంతోషంలో మాత్రలు మానేశారు. బి.పి. చూపించుకోవటమూ మానేశారు. నాలుగు నెలలు గడవకుండానే ఒక తెల్లవారుజామున కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఇప్పుడు ఆయన సంతకం కూడా ఎడమచేత్తో చేస్తున్నారు. సూదులు ఆయనకు చెరుపు చేయలేదు. మాత్ర మానడం చేసింది. ఆయన అనుమతితోనే ఈ సంగతి చెప్తున్నాను. "నా మాట చెప్పి నలుగురికి బుద్ధి చెప్పు బేటా" అన్నారు.

చీనావారు స్వయంగా ఏం చేస్తున్నారో చూస్తే మనకు ఇంకా బాగా బోధపడుతుంది. మన సర్పగంధ వేరు ఉంది. యూనానీలో అస్రోల్ అంటారు. హకీం అజ్మల్ ఖాన్ సాహెబు ప్రోత్సాహంతో డాక్టర్ సలీముజ్జమా సిద్దీఖీ ఢిల్లీలో ఈ వేరు మీద పరిశోధన చేసి, 1931లో అందులోంచి ఒక పదార్థాన్ని తీసి, హకీం గారి పేరిట దానికి 'అజ్మలీన్' అని పేరు పెట్టారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ ఈ వేరు బి.పి.ని తగ్గిస్తుందని 1949లో ఇంగ్లండు పత్రికలో రాసి లోకానికి చాటారు. 1952లో స్విట్జర్లాండు వారు ఇందులోంచి 'రెసర్పిన్' తీశారు. చీనావారు ఇది చూసి తమ దక్షిణాది అడవుల్లో ఇదే జాతి మొక్కను వెతికి పట్టుకున్నారు. దానికి చీనాలో పాత పేరు లేదు. శాస్త్రీయ నామం 'రావోల్ఫియా'ను పలికినట్టుగా 'లువొఫూము' అని పెట్టుకున్నారు. 1958 నాటికి మాత్ర తయారుచేశారు. ఈనాటికీ అక్కడ చవకగా దొరికే 'బీజింగ్ సున్నా నంబరు' మాత్రలో రెసర్పిన్‌తో పాటు ఒంట్లోని ఉప్పును, నీటిని దించే ఇంగ్లీషు మందులూ ఉన్నాయి.

ఇంతకంటే చిత్రం ఇంకొకటుంది. 'లువొపూమా' ఆకు పేరుతో చీనాలో ఒక బి.పి. మాత్ర అమ్ముతారు. పేరు చూస్తే మూలిక. లోపల డైహైడ్రలజైన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నాయి. ముత్యం, చేమంతి పేర్లు కలిపిన 'చెన్‌చ్యూ' మాత్ర ఒకటుంది. అందులో క్లోనిడిన్ ఉంది. ఇవి అసలైన ఇంగ్లీషు బి.పి. మందులు. పైగా క్లోనిడిన్‌ను హఠాత్తుగా మానేస్తే పోటు ఒక్కసారిగా ఎగిరిపోతుంది. "మూలిక కదా, ఏం ప్రమాదం" అని వేసుకొని, "మూలిక కదా" అని మానేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి. అంచేత అట్ట మీద పేరు చూసి మోసపోకూడదు.

మూలికలన్నీ మెత్తనివి కావు. చీనా కషాయాలలో చాలావాటికి అతిమధురం వేస్తారు. మనం ములేఠీ అంటాం, దగ్గుకు చప్పరిస్తాం. ఎప్పుడో ఒక ముక్కతో ఏమీ కాదు. రోజూ ఎక్కువగా వాడితే ఒంట్లో ఉప్పు నిలిచి, పొటాషియం పడిపోయి, బి.పి. పెరుగుతుంది. ఆస్తమాకు వాడే 'మాహువాంగ్' కూడా పోటును పెంచేదే. 1990 దశకం మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గటానికి చీనా మూలికల గుళికలు వేసుకున్న ఆడవాళ్ళకు మూత్రపిండాలు పాడైపోయాయి. ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా అనే విషజాతి మొక్క కలిసిందని తరువాత తేలింది. పొట్లంలో ఏముందో చెప్పలేని మందు ఏ దేశానిదైనా ముట్టుకోవద్దని నా మనవి.

మరి చీనావారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఏమీ లేదా? ఉంది. రెండు గొప్ప సంగతులున్నాయి. రెండింటికీ డబ్బు పెద్దగా అక్కర్లేదు.

మొదటిది కసరత్తు. తెల్లవారకుండానే అక్కడి పార్కులలో ముసలివారు, ఆడవారు గుంపులుగా చేరి నీటిలో చేతులు కదిపినట్టు మెల్లగా కదుపుతూ 'తాయ్ చి' చేస్తారు. పాత తాయ్ చి కష్టమని 1956లో ప్రభుత్వమే ఇరవై నాలుగు భంగిమలతో తేలిక పద్ధతి తయారుచేయించింది. బి.పి. వచ్చే అంచున ఉన్న 342 మందితో బీజింగ్‌లో ఒక ఏడాది పాటు పరీక్ష చేసి 2024లో ఫలితం ప్రకటించారు. గబగబా నడక, సైకిలు వంటి కసరత్తు చేసినవారికి పై అంకె సుమారు నాలుగున్నర తగ్గింది. తాయ్ చి చేసినవారికి ఏడు తగ్గింది. మనవాళ్ళకు తాయ్ చి నేర్పేవారు దొరక్కపోవచ్చు. నడవటానికి గురువు అక్కర్లేదు కదా. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇంటి చాకిరీయే కసరత్తు అనుకుంటారు. వారికి కూడా ఓ అరగంట నడిచే వీలు ఇంట్లో మగవాళ్ళు కల్పించాలి.

రెండోది ఉప్పు. ఉప్పు మితిమీరితే రక్తనాళాల్లో ప్రవాహం గడ్డకట్టినట్టవుతుందని నేను మొదట చెప్పిన మూలగ్రంథంలోనే హెచ్చరించారు. రెండు వేల ఏళ్ళ నాటి ఆ మాటను ఈ కాలంలో పరీక్షకు పెట్టారు. ఉత్తర చీనా పల్లెల్లో 600 ఊళ్ళను ఎంచుకున్నారు. మన ధర్మం వారు ఎక్కువగా ఉండే నింగ్‌శియా రాష్ట్రం ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. దాదాపు 21 వేల మంది. ఇదివరకు పక్షవాతం వచ్చినవారు, లేదా అరవై దాటి బి.పి. ఉన్నవారు. సగం ఊళ్ళకు మామూలు ఉప్పు, సగం ఊళ్ళకు నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపిన ఉప్పు ఇచ్చారు. అయిదేళ్ళ దాకా గమనించారు. 2021లో ఫలితం వచ్చింది. ఉప్పు మార్చిన ఊళ్ళల్లో పక్షవాతం నూటికి 14 వంతులు తగ్గింది, చావులు 12 వంతులు తగ్గాయి. వంటింట్లో ఉప్పు డబ్బా మార్చినందుకు ఇంత ఫలితం! ఒక్క జాగ్రత్త: మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ పొటాషియం ఉప్పు వాడకూడదు. మామూలు ఉప్పు తగ్గించుకోవటానికి మాత్రం చాలామందికి అడ్డేమీ లేదు. మన ఆవకాయ, అప్పడాలు, దావతుల్లో బిర్యానీ, సాల్నా, వీటిలో ఎంత ఉప్పుందో మన తల్లులకే బాగా తెలుసు.

ఇంత వైద్యసంపద ఉన్న చీనా దేశంలోనే 2012 – 2015 మధ్య జరిపిన సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 23 మందికి బి.పి. ఉన్నట్టు తేలింది. అంటే సుమారు ఇరవై నాలుగున్నర కోట్ల మంది. వారిలో సగం మందికి పైగా తమకు ఆ జబ్బు ఉందనే తెలియదు. అదుపులో ఉన్నవారు నూటికి పదిహేను మందే. తాతల నాటి వైద్యం ఒక్కటే సరిపోయేదయితే ఈ పరిస్థితి ఉండేది కాదు. ఇంగ్లీషు మాత్రలు దొరికినంత మాత్రాన సరిపోదని కూడా ఇదే లెక్క చెప్తోంది. ముందు పరీక్ష చేయించుకోవాలి, తరువాత విడవకుండా మందు వాడాలి. అక్కడి పెద్ద ఆసుపత్రులలో రోగికి మాత్రలు ఇస్తూనే, ఇష్టమైనవారికి కషాయమో సూదులో జతచేస్తారు. ఒకటి మాన్పించి ఇంకొకటి మొదలుపెట్టరు.

కాబట్టి నా మనవి ఇంతే. సూదుల వైద్యం చేయించుకోవాలని ఉందా, నేర్చినవారి దగ్గర, కొత్త సూదులతో చేయించుకోండి. కషాయం తాగాలని ఉందా, అందులో ఏమేమున్నాయో రాయించుకొని మీ డాక్టరుకు చూపించండి. మీ మాత్రను మాత్రం మీ అంతట మీరు మానవద్దు. తగ్గించాలా వద్దా అన్నది బి.పి. పట్టీ చూసి డాక్టరు చెప్పాలి. నలభై దాటిన ప్రతివారూ బాధ ఉన్నా లేకపోయినా సంవత్సరానికి ఒక్కసారైనా బి.పి. చూపించుకోండి.

చివరిగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. బి.పి. చూసే పరికరం ఇప్పుడు రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతోంది. ఒకటి కొని మన సంఘం ఆఫీసులో పెట్టి, వారానికి ఒక సాయంత్రం ఎవరైనా వచ్చి చూపించుకునే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఆడవారికి వేరే వేళ కేటాయించాలి. చూసి, పుస్తకంలో అంకె రాసి, ఎక్కువున్నవారిని ఆసుపత్రికి పంపే పని నేనూ, మా బడిలోని మరో ఇద్దరు మాస్టర్లూ ఉచితంగా చేస్తాం.